అలాస్కా క్రూజ్: అమెరికా ఏజెంట్ లక్ష తక్కువ చెబుతున్నాడు, కొనొచ్చా?

లెడ్జర్ తాత (మల్కాజిగిరి), 12 అక్టోబర్ 2025

అందరికీ నమస్కారం. బ్యాంకులో 36 ఏళ్లు పనిచేసి రిటైరైన మనిషిని. ఇంట్లో మనవడు లెడ్జర్ తాత అంటాడు, ఇక్కడా అదే పేరు పెట్టుకున్నాను. విషయం డబ్బుది కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

వచ్చే జూన్‌కి మా పెళ్లయి 40 ఏళ్లు. మా అబ్బాయి సియాటిల్ పక్కన బాథెల్‌లో ఉంటాడు. మా ఇద్దరికీ పదేళ్ల అమెరికా వీసా ఉంది, ఇప్పటికి మూడుసార్లు వెళ్లొచ్చాం. వెళ్లిన ప్రతిసారీ ఒకటే కార్యక్రమం: కాస్ట్‌కో, గుడి, పార్కులో నడక, మళ్లీ కాస్ట్‌కో. ఈసారి మా ఆవిడ, సముద్రంలోకి మంచుకొండ విరిగిపడేది చూడాలని ఉందంది. యూట్యూబ్‌లో చూసిందట. ఆవిడ ఏదీ నోరు తెరిచి అడిగే మనిషి కాదు. ఈ 40 ఏళ్లలో అడిగినవి నాకు గుర్తున్నంతవరకు నాలుగు, అందులో ఒకటి ప్రెషర్ కుక్కర్. కాదనడానికి నాకు నోరు రాలేదు.

అమీర్‌పేటలో ఒక ట్రావెల్ ఆఫీసుకు వెళ్లాను. 2026 జూన్ 14, ఆదివారం సియాటిల్‌లో ఎక్కి ఏడు రాత్రుల తర్వాత అక్కడే దిగే ఓడ. బాల్కనీ గది, ఇద్దరికి. కెచికాన్, జూనో, స్కాగ్‌వే ఊళ్లు చూపిస్తారు. వాళ్లిచ్చిన కొటేషన్ 4,38,000. దాని మీద 5 శాతం జీఎస్టీ 21,900. ఆ మొత్తం మీద 5 శాతం టీసీఎస్, అంటే విదేశీ టూర్ అమ్మేవాళ్లు మన దగ్గర ముందే వసూలు చేసే ఆదాయపు పన్ను, 22,995. వెరసి 4,82,895. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, కింద ఇరానీ చాయ్ తాగి మెట్రో ఎక్కేశాను.

రాత్రి ఫోన్‌లో అబ్బాయికి చెబితే నవ్వాడు. వాడి ఆఫీసులో వాళ్లంతా ఫ్లోరిడాలో ఉండే ఒక ఏజెంట్ దగ్గర కొంటారట. అదే ఓడ, అదే తేదీ, బాల్కనీ గదే. మనిషికి 1,749 డాలర్లు, పన్నులూ పోర్టు చార్జీలూ మనిషికి 318. ఇద్దరికీ కలిపి 4,134 డాలర్లు. డాలరు 88 రూపాయల లెక్కన 3,63,792. నా క్రెడిట్ కార్డు విదేశీ ఖర్చు మీద మూడున్నర శాతం మార్కప్, ఆ మార్కప్ మీద మళ్లీ 18 శాతం జీఎస్టీ పిండుతుంది, అంటే 4.13 శాతం. అదీ కలిపితే 3,78,817. తేడా 1,04,078 రూపాయలు.

పైగా 250 డాలర్ల ఓబీసీ ఇస్తాడట. ఓబీసీ అంటే నాకు తెలిసింది ఓరియంటల్ బ్యాంక్ ఆఫ్ కామర్స్, అది 2020లో పంజాబ్ నేషనల్ బ్యాంకులో కలిసిపోయింది. ఇది ఆన్‌బోర్డ్ క్రెడిట్ అట, ఓడలో ఖర్చు పెట్టుకోవడానికి వాళ్లిచ్చే డబ్బు.

కౌంటర్‌లో కూర్చున్నన్నాళ్లూ నాకు ఒంటపట్టింది ఒకటుంది. ఒకే సరుకు రెండు దుకాణాల్లో లక్ష తేడాతో దొరుకుతోందంటే అది ఒకే సరుకు అయ్యుండదు. ఎక్కడ తేడా ఉందో నాకు దొరకడం లేదు. హైదరాబాద్‌లో ఉండేవాణ్ణి అమెరికా ఏజెంట్ దగ్గర కొంటే తప్పేమైనా ఉందా? ఓడ ఎక్కేటప్పుడు ఎవరైనా ఆపుతారా?

అబ్బాయి "నేనే కట్టేస్తాలే నాన్నా" అంటున్నాడు. వాడు కడితే మార్కప్ లేదు, టీసీఎస్ లేదు, నాకు తెలుసు. కానీ ఈ ఒక్క ప్రయాణానికి మా ఆవిడను నా డబ్బుతోనే తీసుకెళ్లాలని ఉంది. దయచేసి ఆ సలహా ఎవరూ ఇవ్వొద్దు.

బస్సే బెస్టు, 12 అక్టోబర్ 2025

తాతగారూ, 2022లో వైజాగ్ నుంచి పుదుచ్చేరి, చెన్నైకి ఓడ వేశారు కదా, మా ఫ్రెండ్స్ వెళ్లొచ్చారు. వీసా అక్కర్లేదు, డాలరు అక్కర్లేదు. మంచుకొండ మాత్రం ఉండదు. డెక్కు మీద డీజే ఉంటుంది, అమ్మగారికి అది కూడా ఓకేనా కనుక్కోండి.

కూకట్‌పల్లి కోడలు, 12 అక్టోబర్ 2025

బాబాయ్ గారూ, తప్పేం లేదు, నేను చేశాను. కానీ ఏం జరిగిందో చెబుతా, విన్నాక మీరే నిర్ణయించుకోండి.

2023లో మేం బార్సిలోనా నుంచి మధ్యధరా క్రూజ్ వెళ్లాం. మా ఆడపడుచు ఇంగ్లండ్‌లో ఉంటుంది, వాళ్లకు తెలిసిన ఏజెంట్ దగ్గర కొన్నాం. ఇక్కడి రేటు కన్నా 40 వేలు తక్కువ పడింది. చాలా తెలివైనవాళ్లమని నేనూ మా ఆయనా ఒకరినొకరు మెచ్చుకున్నాం కూడా.

నేను మెయిల్‌లో నా పేరు మనం రాసే పద్ధతిలోనే రాశాను, ఇంటిపేరు బదులు ముందు ఒక అక్షరం, చుక్క, ఆ తర్వాత అసలు పేరు. పాస్‌పోర్ట్ కాపీ కూడా జత చేశాను. ఆ అమ్మాయి కాపీ తెరవలేదో ఏమో, మెయిల్లో ఉన్న ఆ ఒక్క అక్షరాన్నే ఇంటిపేరు గడిలో కొట్టేసింది. మన ఇంటిపేర్ల గొడవ వాళ్లకేం తెలుసు? నేనూ టికెట్ కాగితం మీద పైపైన చూసి సరేననుకున్నా. ఇంకా పదకొండు రోజుల్లో ప్రయాణం అనగా ఆన్‌లైన్ చెక్‌-ఇన్ చేస్తుంటే పాస్‌పోర్ట్‌తో కలవడం లేదని ఎర్ర అక్షరాలు వచ్చాయి. శుక్రవారం రాత్రి అది. ఓడ కంపెనీకి ఫోన్ చేస్తే, "ఇది ఏజెంట్ బుకింగ్, మేం ముట్టుకోం, మీ ఏజెంట్‌తో మాట్లాడండి" అన్నారు. ఏజెంట్‌కు చేస్తే శనాదివారాలు సెలవని రికార్డింగ్. సోమవారం మధ్యాహ్నం ఒకటిన్నరకు వాళ్ల ఆఫీసు తెరుస్తారు, వాళ్లకు ఉదయం తొమ్మిది. ఆ రెండున్నర రోజులూ మా ఇంట్లో అన్నం సహించలేదు. సోమవారం మార్చారు, పది నిమిషాల పని అది. నలభై వేలు మిగిలాయి కానీ ఆ టెన్షన్‌కు ఖరీదు కట్టమంటే నా వల్ల కాదు.

ఇంకోటి. మేం కొన్నాక నెల రోజులకు అదే గది రేటు తగ్గింది. అడిగితే, మీరు డిపాజిట్ కట్టేశారు, రద్దు చేసుకుంటే డిపాజిట్ పోతుంది అన్నారు. ఇంగ్లండ్‌లో మామూలుగా అంతేనట. అమెరికా బుకింగ్ అయితే, రిఫండబుల్ డిపాజిట్ అని రాసి ఉంటే, ఫైనల్ పేమెంట్ తేదీలోపు రేటు తగ్గినప్పుడు ఏజెంట్‌ను అడిగి కొత్త రేటుకు మార్పించుకోవచ్చు. కాబట్టి మీ ఏజెంట్ రాసిన దాంట్లో డిపాజిట్ ఏ రకమో ముందు చూడండి.

ఇన్సూరెన్స్ వాళ్ల దగ్గర కొనకండి. అమెరికా ఏజెంట్లు అమ్మే ట్రిప్ ఇన్సూరెన్స్ సాధారణంగా అక్కడ నివాసం ఉండేవాళ్లకే. మీరు విమానం ఎక్కకముందే ఇక్కడే తీసుకోండి, క్రూజ్ కూడా వర్తిస్తుందని పాలసీలో రాసి ఉందో లేదో వేలు పెట్టి చదవండి.

టికెట్ల టేబుల్ (హిమాయత్‌నగర్), 13 అక్టోబర్ 2025

సార్, నేను 14 ఏళ్లుగా ట్రావెల్ డెస్క్ మీద కూర్చుంటున్నా. మీరు వెళ్లిన ఆఫీసు మాది కాదు. మా వాళ్లను వెనకేసుకొస్తున్నానని అనుకోకండి, రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని నేను చెప్పేవి చూడండి.

ముందు అమెరికా కాగితంలో బాల్కనీ అన్న మాట పక్కన జీటీవై అని ఉందా? ఉంటే అది గ్యారంటీ గది. అంటే ఏ గదో గ్యారంటీ లేని గది అని అర్థం! బాల్కనీ ఉన్న గదే ఇస్తారు, కానీ ఎక్కడన్నది కంపెనీ ఇష్టం. ఓడ ముందు కొసలో ఇవ్వొచ్చు, ఊపు ఎక్కువ ఉంటుంది. లైఫ్‌బోటు వేలాడే చోట ఇవ్వొచ్చు, బాల్కనీలో నిలబడితే మంచుకొండ బదులు నారింజ రంగు పడవ అడుగుభాగం కనిపిస్తుంది. పడుచువాళ్లు పగలంతా డెక్కు మీదే ఉంటారు కాబట్టి వాళ్లకు పర్లేదు. మీరు వెళ్తున్నదే బాల్కనీలో కూర్చుని చూడ్డానికి కదా.

తర్వాత అమీర్‌పేట వాళ్ల కాగితంలో ఏమేం కలిపారో అడగండి. మా దగ్గర ఒక అలవాటుంది, కస్టమర్ ఓడలో మళ్లీ జేబులో చెయ్యి పెట్టకూడదని టిప్పులు, వైఫై, కూల్‌డ్రింకుల ప్యాకేజీ అన్నీ కలిపేసి ఒకే అంకె చెబుతాం. టిప్పులంటే మన హోటల్లో పళ్లెంలో వదిలే చిల్లర కాదు సార్. చాలా కంపెనీలు మనిషికి రోజుకు 16 నుంచి 20 డాలర్ల దాకా ఖాతాలో వేసేస్తాయి. అమెరికా కాగితంలో అది ఉండదు, ఓడలో దిగే రోజు బిల్లులో ఉంటుంది.

మూడోది ఆర్‌ఓఈ. మీరు బ్యాంకు మనిషి, మీకు చెప్పాలా. డాలరును రూపాయల్లోకి మార్చేటప్పుడు ఏజెన్సీ తన రేటు వేసుకుంటుంది. కొటేషన్‌కూ కట్టే రోజుకూ మధ్య డాలరు పెరిగితే మునిగేది మేమే కాబట్టి రెండు మూడు రూపాయలు ఎక్కువ పెట్టుకుంటాం. "మీ ఆర్‌ఓఈ ఎంత, కట్టే రోజు రేటుకు చేస్తారా" అని అడిగే కస్టమర్లు నెలకు ఒకరు కూడా రారు. అడిగినవాళ్లకు తగ్గిస్తాం.

టీసీఎస్ పోయే డబ్బు కాదని మీకు తెలుసు, మీ ఆదాయపు పన్ను స్టేట్‌మెంట్ 26ఏఎస్‌లో కనిపిస్తుంది, రిటర్న్ వేస్తే పన్నులో సర్దుబాటో రిఫండో. 2025-26కి 10 లక్షల దాకా 5 శాతమే, అంతకు ముందు ఏడాది అయితే ఆ హద్దు 7 లక్షలే. కాబట్టి ఆ 22,995ను తేడాలోంచి తీసేయండి.

ఇక ఫ్లోరిడా ఏజెంట్‌కు అంత చవక ఎలా అంటారా. అందరికీ కంపెనీ ఇచ్చేది కమిషనే. పోర్టు చార్జీల మీద అది రాదు, గది ధర మీదే వస్తుంది. ఎక్కువ గదులు అమ్మే ఏజెన్సీకి ఎక్కువ శాతం. కంపెనీ పెట్టిన ధర కన్నా తగ్గించి ప్రకటించొద్దని కొన్ని కంపెనీలు ఏజెంట్లను కట్టడి చేస్తాయి. అందుకని వాళ్లు తమ కమిషన్‌లో ఒక ముక్క మీకు ఓబీసీ రూపంలో వెనక్కిస్తారు. మేం నెలకు నాలుగు అలాస్కా గదులు అమ్మితే గొప్ప, వాళ్లు రోజుకు నలభై అమ్ముతారు. అక్కడ మేం పోటీ పడలేం, ఒప్పుకుంటున్నా.

ఓబీసీని కూడా జాగ్రత్తగా చూడండి. మిగిలితే చాలావరకు చేతికివ్వరు, అక్కడే ఖర్చు పెట్టేయాలి. ఆఖరి రోజు రాత్రి ఓడ దుకాణంలో వంద డాలర్ల టీషర్టులు కొనేవాళ్లంతా ఓబీసీ మిగిలినవాళ్లే.

మీరడిగిన అసలు ప్రశ్న, ఆపుతారా అని. కొన్ని కంపెనీలు తమ అమెరికా ఏజెంట్లకు వేరే దేశంలో నివాసం ఉండేవాళ్లకు అమ్మొద్దని నిబంధన పెడతాయి. ఒక్కో దేశానికి ఒక్కో ధర పెట్టుకుంటారు కాబట్టి. కొన్ని కంపెనీలు పట్టించుకోవు. చూసేది పౌరసత్వం కాదు, నివాసం. కాబట్టి ఏజెంట్‌కు మెయిల్ పెట్టండి: "మేం ఇద్దరం హైదరాబాద్‌లో ఉంటాం, ఇదీ మా అడ్రస్, ఈ కంపెనీ టికెట్ మాకు అమ్మొచ్చా?" జవాబు రాతలో రావాలి. చాలామంది కొడుకు అడ్రస్ ఇచ్చేస్తారు. ముఖ్యంగా ఆ రేటు వాషింగ్టన్ రాష్ట్రం వాళ్లకిచ్చే రెసిడెంట్ రేటు అయితే పోర్టులో ఐడీ అడుగుతారు, లేదంటే తేడా డబ్బు అక్కడికక్కడే కట్టమంటారు. పెళ్లిరోజు నాడు మీకెందుకు సార్ ఆ తలనొప్పి.

ఉప్పల్ నుంచి రెడ్‌మండ్‌, 13 అక్టోబర్ 2025

అందరూ రేట్లే మాట్లాడుతున్నారు. అంకుల్, మీకు కెనడా వీసా ఉందా?

సియాటిల్‌లో ఎక్కి సియాటిల్‌లో దిగే అలాస్కా ఓడలన్నీ మధ్యలో కెనడా పోర్టు ఒకటి తాకాలి, ఎక్కువగా విక్టోరియా. ఆఖరి రోజు సాయంత్రం నాలుగైదు గంటలు ఆగుతాయి. అక్కడేదో చూపించాలని కాదు. 1886 నాటి అమెరికా చట్టం ఒకటి ఉంది, విదేశీ జెండా ఉన్న ఓడ అమెరికా పోర్టుల మధ్యే జనాన్ని తిప్పకూడదు, నడుమ ఒక పరాయి దేశం రేవు తగలాలి. ఈ పెద్ద ఓడలన్నీ బహామాస్, పనామా లాంటి జెండాలవే. మీ దగ్గర అమెరికా వీసా ఉన్నా మన పాస్‌పోర్ట్‌కు కెనడా విజిటర్ వీసా విడిగా కావాలి. "నేను విక్టోరియాలో దిగను, గదిలోనే కూర్చుంటా" అన్నా ఒప్పుకోరు.

ఇది నాకు ఎలా తెలుసంటే, పోయినేడాది మా అత్తమామల్ని సియాటిల్ రేవులో దింపి నేను ఇంటికి బయలుదేరా. సగం దారిలో మా మామగారి ఫోన్. వెనక్కి వెళ్లేసరికి ఇద్దరూ పెట్టెల మీద కూర్చుని ఉన్నారు, మా అత్తగారు కొత్త స్వెట్టర్ వేసుకుని. ఓడ మా కళ్ల ముందే వెళ్లిపోయింది. కట్టిన డబ్బులో పోర్టు చార్జీలు మాత్రం వెనక్కి వచ్చాయి. అమ్మిన ఏజెంట్‌ను అడిగితే, డాక్యుమెంట్లు చూసుకోవడం ప్రయాణికుల బాధ్యత అని రూల్స్ కాగితం నాలుగో పేజీ పంపాడు. నిజమే, రాసి ఉంది. ఆయన రోజూ అమ్మేది అమెరికన్లకు, వాళ్లకు ఈ వీసా అక్కర్లేదు, ఆయనకు తట్టలేదు.

లెడ్జర్ తాత, 14 అక్టోబర్ 2025

రెడ్‌మండ్ బాబూ, నీకు శతకోటి దండాలు. మా అబ్బాయికి ఫోన్ చేసి అడిగితే "అదేంటి నాన్నా, మేం వెళ్లినప్పుడు ఎవరూ అడగలేదే" అన్నాడు. వాడు అమెరికా పౌరసత్వం తీసుకుని మూడేళ్లయింది. వాణ్ణేం అనలేక పెట్టేశాను.

కెనడా వీసా ఫీజు మనిషికి 100 కెనడా డాలర్లు, వేలిముద్రలకు మనిషికి 85. ఇద్దరికీ 370. ఇక్కడ కొన్నా అక్కడ కొన్నా ఈ ఖర్చు తప్పదు కాబట్టి తేడా లెక్కలోకి రాదు, వేరే పేజీలో రాసుకున్నాను.

అమెరికా కాగితం భూతద్దం పెట్టి చూశాను. జీటీవై ఉంది. దాని కింద చిన్న అక్షరాల్లో డిపాజిట్ నాన్‌రిఫండబుల్ అనీ ఉంది. కోడలు పిల్ల, టేబుల్ గారు ఇద్దరూ చెప్పిన రెండూ ఒకే కాగితంలో దొరికాయి. గది నంబరు ముందే ఇచ్చి, డిపాజిట్ తిరిగిచ్చే రకం ఎంతో అబ్బాయితో అడిగించాను. మనిషికి 120 డాలర్లు ఎక్కువట. అంటే మొత్తం 4,374 డాలర్లు, మార్కప్‌తో 4,00,809 రూపాయలు. టిప్పులు విడిగా మనిషికి రోజుకు 18 డాలర్లు, ఏడు రోజులకు ఇద్దరికీ 252. వాళ్లిచ్చే 250 ఓబీసీ దానికి సరి, రెండు డాలర్లు నేనే వేసుకుంటా. టీషర్టుల బెడద తప్పింది.

రేపు అమీర్‌పేట వెళ్తున్నాను. నివాసం సంగతి అడుగుతూ ఫ్లోరిడాకు మెయిల్ కూడా నేనే స్వయంగా పెట్టాను, ఇంటి నంబరుతో సహా.

కూకట్‌పల్లి కోడలు, 14 అక్టోబర్ 2025

బాబాయ్ గారూ, ఎక్కడ కొన్నా పిన్నిగారి పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు గడిలో ఏముందో ఒకసారి చూడండి. పెళ్లికి ముందు ఇంటిపేరా, మీదా? కన్‌ఫర్మేషన్ రాగానే అక్షరం అక్షరం పోల్చండి. శాకాహారం అయితే ఇండియన్ వెజిటేరియన్ అని బుకింగ్‌లోనే రాయించండి, ఓడ ఎక్కాక చెబితే మొదటి రెండు రోజులు పాస్తా, సలాడే గతి.

లెడ్జర్ తాత, 9 నవంబర్ 2025

ఏమైందని ఇద్దరు ముగ్గురు అడిగారు. ఆలస్యమైంది, మనవడికి జ్వరం.

అమీర్‌పేటలో ఈసారి కుర్చీలో కూర్చుని నా డైరీ తెరిచాను. "మీ ఆర్‌ఓఈ ఎంత" అనగానే ఆ కుర్రాడు తలెత్తి చూశాడు. అప్పటిదాకా "అంకుల్" అంటున్నవాడు అక్కణ్ణుంచి "సార్" అన్నాడు. 91 వేశాడట. బేరమాడితే 89.50కి దిగాడు. వైఫై, కూల్‌డ్రింకుల ప్యాకేజీ తీసేయమన్నాను. ఏడు రోజులు వైఫై లేకపోతే మా ఆవిడకు సీరియళ్లు పోతాయి, అంతే. టిప్పులు మాత్రం ఉంచమన్నాను. జీఎస్టీతో కలిపి సరిగ్గా 4,20,000 అయింది. టీసీఎస్ 21,000 విడిగా కట్టాలి, అది రిటర్న్ వేశాక నా దగ్గరికే వస్తుంది. వాళ్లది మొదటినుంచీ నంబరున్న గదే, ఓడ నడుమ భాగంలో, ఎనిమిదో అంతస్తు. ఎదురుగా పడవ లేదని ఓడ ప్లాన్ తెరిచి చూపించమన్నాను, చూపించాడు.

అంటే లక్షా నాలుగు వేల తేడా కాస్తా 19,191కి వచ్చింది.

ఫ్లోరిడా నుంచి నాలుగు రోజులు జవాబు లేదు. ఐదో రోజు రెండు లైన్లు వచ్చాయి. ఈ కంపెనీ టికెట్ ఇండియా అడ్రస్‌కు అమ్మే వీలు లేదు, ఇంకో కంపెనీది అమ్మగలను అని. ఆ ఇంకో కంపెనీ ఓడ జూన్ 14న లేదు. ఆ రోజే కావాలని పట్టుపట్టింది నేనే, అది మా పెళ్లిరోజు. ఆయన్ని తప్పు పట్టను, నిజం చెప్పాడు. మొదటే మా అబ్బాయి అడ్రస్‌తో తీసుకుని ఉంటే ఆయన అడిగేవాడు కాదు, నేను చెప్పేవాణ్ణి కాదు, మార్చిలో ఫైనల్ పేమెంట్ కట్టాక ఎవరో ఒకరు కనిపెట్టేవారు.

అబ్బాయి ఇప్పటికీ వాదిస్తూనే ఉన్నాడు. రెండో గది బుక్ చేసి వాడూ వస్తే వాడి పేరు మీద అంతా అమెరికా రేటుకే వస్తుందట. రమ్మన్నాను, వాడి గది వాడు కొనుక్కుంటాడు. మా గది మాత్రం అమీర్‌పేట గదే, డిపాజిట్ కట్టేశాను. రసీదు మా ఆవిడకిస్తే చదివి, మడిచి పంచాంగంలో పెట్టింది. పాస్‌పోర్ట్‌లో ఆవిడ ఇంటిపేరు గడిలో మాదే ఉంది, బుకింగ్‌లో అక్షరం అక్షరం చూశాను, ఒక హెచ్ ఎక్కువ కొట్టాడు, అక్కడే కూర్చుని దిద్దించాను. అమీర్‌పేటకు ఫ్లోరిడా కన్నా అదొక సౌకర్యం.

బస్సే బెస్టు, 9 నవంబర్ 2025

తాతగారూ సూపర్. అమ్మగారు ఆవకాయ తీసుకెళ్లొచ్చా ఓడలోకి?

టికెట్ల టేబుల్, 9 నవంబర్ 2025

ఇంట్లో చేసినవి వద్దంటారు తమ్ముడూ. స్కానింగ్‌లో సీసా కనిపిస్తే తీసి పక్కన పెడతారు. సీల్ వేసిన ప్యాకెట్ పొడులు అయితే మావాళ్లు చాలామంది పట్టుకెళ్తారు.

సార్, ఆ కుర్రాడు 89.50 కన్నా దిగడు, నేనైనా దిగను. కెనడా అప్లికేషన్ వేశారా? దానికి వారాలు పడుతుంది, మార్చి దాకా ఆగకండి.

లెడ్జర్ తాత, 10 నవంబర్ 2025

వేశాం. వేలిముద్రలకు మంగళవారం ఉదయం 9:15కి రమ్మన్నారు. మా ఆవిడ వేలిముద్రలు ఆధార్‌కే మూడుసార్లు పడలేదు, రేషన్ షాపులో అయితే అసలే పడవు. 40 ఏళ్లు గిన్నెలు తోమిన చేతులు. రాత్రి నుంచీ వేళ్లకు కొబ్బరినూనె రాసుకుంటోంది. మంగళవారం వచ్చి చెబుతాను.